టూ లెట్ బోర్డు మీద రాయని అద్దె

మొన్నామధ్య మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు నా సీటు దగ్గరికొచ్చి, "అన్నా, పదిహేను వేలలో ఏ ఏరియాలో ఇల్లు చూసుకోమంటావ్?" అని అడిగాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరువాళ్ళని జీతమెంత అని అడిగితే చెప్పరు గానీ, ఏ ఏరియాలో అద్దె ఎంతో మాత్రం అడక్కపోయినా చెబుతారు. నేనూ ఆ బాపతే. వెంటనే లాప్‌టాప్‌లో పాత ఎక్సెల్ షీటొకటి తెరిచాను. "కూర్చో, ఈ షీటు నాకు ఇరవై రెండు వేలు చేతి చమురు వదిలించింది, నీకు ఫ్రీగా చెప్తా" అన్నాను. వాడికి చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ఇల్లు వెతుక్కుంటున్న ఎవరికైనా పనికొస్తుందేమోనని.

ముందుగా నా సంగతి. మాది చీడికాడ. ఎక్కడా అని బుర్ర గోక్కోకండి. చోడవరం దాటి మాడుగుల వైపు వెళ్తే మా మండలం వస్తుంది. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. మాడుగుల హల్వా తిన్నవాళ్ళు మా పక్క ఊరిదాకా వచ్చినట్టే. కోనం జలాశయం మా మండలంలోదే. 2018లో ఇంజనీరింగు పూర్తిచేసి అందరిలాగే అమీర్‌పేటలో దిగాను. హాస్టల్లో ఒక గదికి నలుగురం. అప్పటికి మెట్రో మియాపూర్ నుంచి నాగోలుకి తిరుగుతోంది గానీ (2017 నవంబరులో మొదలైంది), హైటెక్ సిటీ వైపు లైను ఇంకా తెరవలేదు. అది 2019 మార్చిలో వచ్చింది. ఇంటర్వ్యూలకి బస్సులో వేలాడుతూ వెళ్ళేవాణ్ణి. ఉద్యోగం వచ్చాక కొత్తగూడలో ముగ్గురు ఫ్రెండ్స్‌తో ఫ్లాటు. అప్పట్లో ఇల్లు చూడటమంటే రెండే ప్రశ్నలు: నా వాటా ఎంత, వైఫై ఉందా.

2023లో నాన్న పోయారు. అక్కకి అప్పటికే పెళ్ళయిపోయింది, అనకాపల్లిలో ఉంటుంది. అమ్మ ఒక్కర్తే చీడికాడలో. ఏడాది తిరిగాక, నేనూ అక్కా బతిమాలి బతిమాలి అమ్మని హైదరాబాదు రావడానికి ఒప్పించాం. "చూస్తాన్లే, ఉండలేకపోతే వచ్చేస్తాను" అనే షరతు మీద ఒప్పుకుంది. అలా 2024 మేలో నేను జీవితంలో మొదటిసారి సొంతంగా ఇల్లు వెతకడం మొదలుపెట్టాను.

ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ముందు ఎక్సెల్ తెరిచాను. చేతికొచ్చేది 68 వేలు. అద్దె జీతంలో 30 శాతం దాటకూడదని అందరూ అంటారు కదా, ఆ లెక్కన 20,400. బానే ఉంది అనుకున్నా. తర్వాత అసలీ ముప్ఫై శాతం ఎవరు పెట్టారా అని వెతికితే తమాషా విషయం తెలిసింది. 1969లో అమెరికాలో బ్రూక్ అనే సెనేటర్ పేరు మీద ఒక సవరణ చేశారు. ప్రభుత్వ గృహాల్లో ఉండే పేదవాళ్ళ దగ్గర ఆదాయంలో 25 శాతానికి మించి అద్దె తీసుకోకూడదని దాని సారాంశం. 1981లో దాన్ని 30 చేశారు. అంటే ఎక్కడో అమెరికాలో, పేదవాళ్ళ సర్కారు ఇళ్ళకి పెట్టిన పరిమితి అది. దాన్ని పట్టుకుని మనం కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్‌కి లెక్కలేస్తున్నాం :-)

మన లెక్క వేరు. మనలో చాలామందికి జీతం మొత్తం మనది కాదు. నాకు చదువు కోసం తీసుకున్న బ్యాంకు లోను 12 వేలు, నాన్న ఆసుపత్రి ఖర్చుకి పొలం మీద తెచ్చిన అప్పు 7 వేలు, మొత్తం 19 వేలు ఒకటో తారీకునే పోతాయి. మిగిలేది 49 వేలు. అందులో ముప్ఫై శాతమంటే 14,700. ఒకే మనిషికి, ఒకే సూత్రంతో రెండు బడ్జెట్లు. ఈ రెంటికీ మధ్య తేడా ఒక ఏరియా అంత. 20 వేలంటే మణికొండ అంచు, 15 వేలంటే బాచుపల్లి.

ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషను పక్కన. షీటులో గడులు గీశాను: ఏరియా, అద్దె, మెయింటెనెన్సు, అడ్వాన్సు, ఆఫీసుకి కిలోమీటర్లు, నిమిషాలు. ఆ మేలో నాకు చెప్పిన రేట్లు ఇవి: మామూలు అపార్టుమెంటులో డబుల్ బెడ్‌రూము కొండాపూర్‌లో 27 వేలు, మణికొండలో 23, నిజాంపేటలో 17, బాచుపల్లిలో 15. కొండాపూర్ ఆఫీసుకి ఐదు కిలోమీటర్లు, బాచుపల్లి పదిహేడు. పన్నెండు కిలోమీటర్లకి పన్నెండు వేలు తేడా. కిలోమీటరుకి వెయ్యి చొప్పున తగ్గుతోందన్నమాట! ఏదో కనిపెట్టినంత సంబరపడిపోయాను.

కనిపెట్టేదేమీ లేదు లెండి, ఎప్పుడో కనిపెట్టేశారు. 1826లో ఫాన్ థ్యూనెన్ అనే జర్మన్ భూస్వామి ఇదే సంగతి పొలాల గురించి రాశాడు. ఊరి మార్కెట్టుకి దగ్గరగా ఉన్న భూమికి కౌలు ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ, ఎందుకంటే సరుకు మోసుకెళ్ళే ఖర్చు పెరుగుతుంది కాబట్టి. 1964లో విలియం అలొన్సో అనే ఆయన అదే ఆలోచనని నగరంలో ఇళ్ళకి, ఆఫీసులకి పట్టించి పుస్తకం రాశాడు. సరుకు బదులు మనుషుల్ని మోస్తాం, అంతే తేడా. ఈ సూత్రం మా ఊళ్ళో చెరుకు పండించే ఏ రైతుని అడిగినా చెబుతాడు. నరికిన చెరుకు ఆలస్యమయ్యేకొద్దీ ఎండి బరువు తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. గోవాడ చక్కెర మిల్లుకి తోలేటప్పుడు దారి బావున్న చేనుకీ, బురదలో బండి దిగబడే చేనుకీ తేడా ఏమిటో నాన్నకి బాగా తెలుసు. మాకు సొంత పొలం ఎకరంన్నరే. మిగతాదంతా నాన్న కౌలుకి చేసేవారు. అంటే అద్దెకి తీసుకోవడంలో మా ఇంట్లో ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉందన్నమాట. ఆ అనుభవాన్ని నేను షీటులో పెట్టుకోలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

సరే, ఇళ్ళు చూడటం మొదలైంది. టూ లెట్ బోర్డుల కింద "ఫ్యామిలీ ఓన్లీ" అని ఉంటుంది కదా. నాలుగేళ్ళు ఆ బోర్డులకి భయపడి బతికినవాణ్ణి, "అమ్మా నేనూ ఉంటామండీ" అనగానే నా గౌరవం అమాంతం పెరిగిపోయింది. బ్యాచిలర్ ప్లస్ అమ్మ ఈజీక్వల్టు ఫ్యామిలీ. ఆ తర్వాతి ప్రశ్నలే ఇబ్బంది. "మీది శ్రీకాకుళమా?" అని అందరూ అడిగారు. విజయనగరం వాడైనా, చోడవరం వాడైనా హైదరాబాదులో అందరం శ్రీకాకుళమే, అదేం బాధ లేదు. "నాన్ వెజ్ వండుతారా?" అన్నారు కొందరు. ఇద్దరు మాత్రం "మీరేమిట్లు బాబూ?" అని సూటిగానే అడిగారు. ఇంకొకాయన మర్యాదస్తుడు, ఇంటిపేరు అడిగి, కాసేపు ఆలోచించి, చెబితే తేలకపోయేసరికి "మీ ఊళ్ళో మీ వాళ్ళు ఎక్కువుంటారా?" అన్నాడు. మర్నాడు ఫోన్ చేస్తే "వేరేవాళ్ళకి మాటిచ్చేశాం" అన్నాడు. బోర్డు వారం తర్వాత కూడా అక్కడే వేలాడుతోంది. బడ్జెట్ ఉంటే చాలు ఏ ఏరియాలోనైనా ఇల్లు దొరుకుతుంది అనుకునేవాళ్ళకి ఈ గడి కూడా ఒకటుందని చెప్పాలి. దీన్ని ఎక్సెల్‌లో ఏ కాలమ్‌లో రాయాలో నాకు ఇప్పటికీ తెలీదు.

ఏతావాతా బాచుపల్లి వైపు ఒక ఇల్లు గెలిచింది. కొత్త అపార్టుమెంటు, ఐదో అంతస్తు, లిఫ్టు, బాల్కనీ, తెల్లటి టైల్సు. అద్దె 15 వేలు, మెయింటెనెన్సు 2 వేలు, రెండు నెలల అడ్వాన్సు, పదకొండు నెలల అగ్రిమెంటు. (పదకొండే ఎందుకని చాలామంది అడుగుతుంటారు. ఏడాదికి మించిన లీజుని రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి పదకొండు. అడ్వాన్సు సంగతికొస్తే, 2021లో కేంద్రం తయారుచేసిన నమూనా అద్దె చట్టం నివాసానికి రెండు నెలలకి మించొద్దంది. నమూనా అంటే నమూనానే, ఏ రాష్ట్రానికారాష్ట్రం చట్టం చేసుకుంటేనే చెల్లుతుంది.) షీటులో ఆ వరసకి పచ్చరంగు వేసి, జూన్‌లో అమ్మని తీసుకొచ్చాను.

అమ్మ వచ్చిన మొదటి రోజు బాల్కనీలోంచి చూసి "ఎంత ఎత్తురా బాబూ" అంది. సంతోషపడిందనుకున్నా.

నా రోజు ఇలా ఉండేది. ఎనిమిదింటికి బైకు తీస్తే తొమ్మిదికి ఆఫీసు. సాయంత్రం ఏడింటికి బయల్దేరితే ఎనిమిదీ పది, వాన పడితే తొమ్మిదిన్నర. మెట్రో ఉంది కదా అంటారేమో. మియాపూర్ వైపు నుంచి రాయదుర్గం వెళ్ళాలంటే అమీర్‌పేట దాకా పోయి, అక్కడ రైలు మారి, మళ్ళీ పడమటికి రావాలి. మ్యాపులో చూస్తే ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది. పైగా ఇంటి నుంచి స్టేషనుకి వెళ్ళడం అదనం. రోజుకి రెండుగంటల పైచిలుకు రోడ్డు మీదే. 1994లో మార్కెట్టి అనే ఇటలీ శాస్త్రవేత్త ఒక పేపరు రాశాడు. ఏ కాలంలోనైనా, నడిచినా రైలెక్కినా, మనిషి సగటున రోజుకి ఒక గంట ప్రయాణానికి ఖర్చుపెడతాడని. నేను ఇద్దరు మనుషుల వాటా తిరుగుతున్నానన్నమాట. అయినా పర్లేదు, పాడ్‌కాస్టులు వింటున్నా, అద్దె మిగులుతోంది, అనుకునేవాణ్ణి.

అమ్మ రోజు ఎలా ఉండేదో నేను అడగలేదు. నిజం చెప్పొద్దూ, అడగాలని తోచలేదు. తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. మా ఫ్లోరులో నాలుగు ఫ్లాట్లు. మూడింట్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఉద్యోగాలే, తొమ్మిదికల్లా తాళాలు. నాలుగోది ఖాళీ. కూరగాయలు కొనాలంటే మెయిన్ రోడ్డు దాకా నడవాలి, ఫుట్‌పాత్ లేదు, లారీలు. ఆ దూరానికే ఆటో వాడు అరవై అడిగేవాడు. "యాప్‌లో బుక్ చేస్తాలే" అని నేను ఆఫీసులోంచి కూరగాయలు పంపించేవాణ్ణి. అవి పట్టుకొచ్చే కుర్రాడే రోజు మొత్తం మీద అమ్మతో మాట్లాడే మనిషి. బస్సెక్కి గుడికి వెళ్దామంటే, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ గానీ, అది ఇక్కడి అడ్రసు ఉన్నవాళ్ళకే. అమ్మ ఆధార్‌లో చీడికాడ అని ఉంటుంది. కండక్టరుతో ఒకసారి వాదించి, టికెట్టు కొని, ఆ తర్వాత వెళ్ళడం మానేసింది. (ఇప్పుడు ఆంధ్రాలో కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఫ్రీ పెట్టారు. "మనూళ్ళో సోడారం ఎల్లడానికి డబ్బుల్లేవు, ఇక్కడ గుడికెల్లడానికి డబ్బులు" అని నవ్వుతుంది.)

సెప్టెంబరు మొదట్లో ఒక రోజు. సాయంత్రం నుంచి కుండపోత. ఆఫీసు నుంచి ఏడింటికి బయల్దేరినవాణ్ణి, ఇంటికొచ్చేసరికి పదీ పావు. దారిలో నాలుగుసార్లు అమ్మకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. అపార్టుమెంటు మొత్తం చీకటి. కరెంటు పోయి లిఫ్టు ఆగిపోయింది, జనరేటరు పనిచేయట్లేదట. పైకి పరిగెత్తబోతుంటే వాచ్‌మన్ గదిలోంచి "నాను ఇక్కడున్నాన్రా" అని వినపడింది. అమ్మ ఒక స్టూలు మీద కూర్చుని ఉంది. వాచ్‌మన్ భార్య పార్వతీపురం వైపు ఆవిడ, పక్కన కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. అయిదింటికి పాల పేకెట్టు కోసం కిందికి దిగిందట. కరెంటు పోయింది. మోకాళ్ళతో అయిదంతస్తులు ఎక్కలేక అక్కడే కూర్చుండిపోయింది. ఫోను పైన వదిలేసింది. అయిదు గంటల పైనే.

నేను ఎవరి మీద అరవాలో తెలీక జనరేటరు మీద అరిచాను. అమ్మ మాత్రం "ఆ పిల్ల మంచిదిరా, టీ ఇచ్చింది, బోయినం పెట్టింది. ఇక్కడికొచ్చేక ఈపాటి మాటలాడింది ఇయ్యాలే" అంది. ఇది విన్నాక నాకు నోట మాట రాలేదు. మూడు నెలల్లో అమ్మకి బాగా గడిచిన సాయంత్రం కరెంటు పోయిన సాయంత్రమన్నమాట.

ఆ రాత్రి మెల్లిగా మెట్లెక్కిస్తుంటే మూడో అంతస్తులో ఆగి ఆయాసం తీర్చుకుంటూ అడిగింది. "మీ నాన్న పొలం కౌలుకి తీసుకున్నప్పుడు నాలుగు పొద్దులు తిరిగొచ్చీవోరు. నీరెలగొస్తాది, బండెలగెల్తాది, పక్క సేనోడు ఎలగటోడు, అన్నీ సూసుకునే మాటిచ్చీవోరు. నువ్వీ ఇల్లు ఎన్నిమాట్లు సూసేవురా?"

ఒక్కసారి. ఆదివారం, పొద్దున పదకొండింటికి. రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, కరెంటు ఉన్నప్పుడు, అందరూ ఇళ్ళల్లో ఉన్నప్పుడు, వాన లేనప్పుడు. మన భాషలో చెప్పాలంటే, లోడు లేని సర్వరు మీద ఒక్కసారి టెస్టు చేసి ప్రొడక్షన్‌లో పెట్టేశాను. అదీ అసలు యూజరు ఎవరో కనుక్కోకుండా. షీటులో ఉన్న కిలోమీటర్లు నావి, నిమిషాలు నావి. ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఉండే మనిషికి ఒక్క గడి లేదు.

దసరాకి ఊరెళ్ళిన అమ్మ నెల దాటినా రాలేదు. "వరి కోతలయ్యేక వస్తాను" అంది. మా వాటా వరి కోత రెండు రోజుల పని. అక్క ఫోన్ చేసి "అది రాదురా, నీకు చెప్పలేక అలా అంటోంది" అని తేల్చేసింది. షరతు గుర్తుంది కదా, ఉండలేకపోతే వచ్చేస్తానని.

సంక్రాంతికి వెళ్ళి అమ్మతో బేరం పెట్టాను. "ఈసారి ఇల్లు నువ్వే చూడు. నీకు నచ్చకపోతే మళ్ళీ అడగను." ఫిబ్రవరిలో పది రోజుల కోసమని వచ్చింది. ఇద్దరం కలిసి తిరిగాం. నేను చదరపుటడుగులు అడిగేవాణ్ణి, అమ్మ అడిగేవి వేరు. కుళాయి తిప్పి చూసేది. ఇది బోరు నీరా, మంజీరా నీరా? ఎండాకాలం ట్యాంకరు కొంటారా? బట్టలెక్కడ ఆరేస్తారు? మెట్టు ఎంత ఎత్తు? ఓనర్లు లోపల మాట్లాడుతుంటే తను బయటికెళ్ళి పక్కింటావిణ్ణి పలకరించేది. ఆవిడ అయిదు నిమిషాలు మాట్లాడిందా, "ఊఁ" అని తలుపేసుకుందా, అదే అమ్మ సర్వే. మొదటిసారి పొద్దున చూసిన ఇంటికి దీపాలు పెట్టే వేళకి మళ్ళీ తీసుకెళ్ళమనేది. నాకు విసుగొచ్చింది కూడా. నాన్నగారితో పొలాలు చూడ్డానికి వెళ్ళినవాళ్ళకీ ఇలాగే విసుగొచ్చేదేమో.

చివరికి కేపీహెచ్‌బీలో దొరికింది. పాత హౌసింగ్ బోర్డు కాలనీ. ఎల్ఐజీ ఇల్లు, కింద వాటా. ఈ ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అనేవి మనం ల్యాండ్‌మార్కుల్లా వాడేస్తాం గానీ, తక్కువ ఆదాయం, మధ్యతరగతి ఆదాయం, ఎక్కువ ఆదాయం వాళ్ళకని హౌసింగ్ బోర్డు కట్టిన రకాలవి. అంటే ఆ వీధుల్లో ఇళ్ళకి మన జీతాన్ని బట్టే పేర్లు పెట్టారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఆ జీతాల లెక్క తిరగబడింది. తక్కువ ఆదాయం వాళ్ళకని కట్టిన ఇంట్లో కింద వాటాకి ఇప్పుడు 18 వేలు అద్దె.

నిజాయితీగా లోపాలు కూడా చెప్పాలి. రెండు చిన్న గదులు, ఒక వంటిల్లు. వానాకాలం పడమటి గోడ చెమరుస్తుంది. బైకు రోడ్డు మీదే పెట్టాలి. దోమలు. కింది వాటా కాబట్టి వీధిలో ప్రతి హారనూ మన ఇంట్లోనే మోగుతుంది. ఆఫీసు ఫ్రెండ్స్ వస్తే కూర్చోబెట్టడానికి జాగా చాలదు. ఒకడు చూసి "ఏంట్రా, ప్రమోషన్ వచ్చాక ఇల్లు చిన్నదైంది?" అన్నాడు కూడా.

కానీ మూడు మెట్లెక్కితే ఇల్లు. తొమ్మిదింటికల్లా తోపుడు బండి మీద ఆకుకూరలు గుమ్మంలోకి వస్తాయి. కూకట్‌పల్లి రైతుబజారుకి వారానికోసారి పక్కింటావిడతో కలిసి వెళ్తుంది. ఆ వీధిలో సగం మంది గోదావరి జిల్లాలు, గుంటూరు, మా వైపు వాళ్ళు. అమ్మ యాసకి ఎవరూ నవ్వరు, నవ్వినా అమ్మే ముందు నవ్వుతుంది. ఇంకోటి, నేను అసలు ఊహించనిది. మా వైపు నుంచి వచ్చే ప్రైవేటు బస్సులు కేపీహెచ్‌బీలోనే ఆగుతాయి. రాత్రి అనకాపల్లిలో అక్క ఎక్కిస్తే పొద్దున ఇంటికి దగ్గర్లో దిగుతుంది. ఎప్పుడంటే అప్పుడు ఊరెళ్ళొచ్చు అనే ధైర్యం వచ్చాక, ఊరెళ్తానని అనడం తగ్గించింది. ఇది ఏ సూత్రమో ఫాన్ థ్యూనెన్ గారినే అడగాలి.

ఇక డబ్బు లెక్క. బాచుపల్లిలో అద్దె 15,000, మెయింటెనెన్సు 2,000, ట్యాంకరు వాటా 600, నా పెట్రోలు 1,800, అమ్మ ఆటోలు 800. మొత్తం 20,200. కేపీహెచ్‌బీలో అద్దె 18,000, నీళ్ళకి 300, పెట్రోలు 950. మొత్తం 19,250. అంటే మూడు వేలు చవకనుకున్న ఇల్లు నిజానికి నెలకి 950 ఎక్కువ. టైము సంగతి, రోజుకి రెండూ పది నుంచి గంటాపావుకి తగ్గింది. నెలకి ఇరవై గంటలు మిగిలాయి.

ఆహా, గెలిచాం అనుకోకండి. మధ్యలో ఇల్లు మారినందుకు ట్రక్కుకి 7 వేలు, పాత ఇంటి అడ్వాన్సులో "పెయింటింగ్" పేరుతో పోయిన ఒక నెల అద్దె 15 వేలు, మొత్తం 22 వేలు. నెలకి 950 చొప్పున అది తిరిగిరావడానికి రెండేళ్ళ దగ్గర పడుతుంది. కాబట్టి ఈ కథలో నీతి "మంచి ఏరియా చివరికి చవకే పడుతుంది" అని కాదు. చాలామందికి పడదు కూడా. నాకు ఆఫీసు రాయదుర్గంలో కాక పటాన్‌చెరు అవతల ఉండి ఉంటే లెక్క మారిపోయేది. నేను చెప్పేది ఒకటే, లెక్క వేసేముందు ఎవరి రోజుకి లెక్క వేస్తున్నామో చూసుకోవాలి. మనం బడ్జెట్ అనగానే ఇంటి నుంచి ఆఫీసుకి ఎంత దూరం అని మొదలుపెడతాం. ఎందుకంటే డబ్బు సంపాదించేది మనం, తిరిగేది మనం. కానీ ఆ ఇంటిని ఎక్కువ వాడేది మనం కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా అందులో ఉండే అమ్మో, నాన్నో, ఉద్యోగం మానేసి పసిపిల్లతో ఉన్న భార్యో. వాళ్ళకి దగ్గరగా ఉండాల్సింది రాయదుర్గం కాదు. పాల బూతు, మందుల షాపు, గుడి, కూర్చుని మాట్లాడే ఒక అరుగు. ఆ దూరం ఎక్కువైతే దాని అద్దె కూడా ఎవరో ఒకరు కడతారు. మనకి బిల్లు రాదు, అంతే.

అందుకని ఆ షీటుకి ఇప్పుడు కొత్త గడులు చేర్చాను. ఇంట్లో ఎక్కువ సేపు ఎవరుంటారు? వాళ్ళు నడిచి ఎక్కడెక్కడికి వెళ్ళగలరు? కరెంటు లేకపోతే ఎన్ని మెట్లు? పగలు పన్నెండింటికి పక్క ఫ్లాటులో మనిషి ఉంటారా? ఎండాకాలం ట్యాంకరు ఎన్నిసార్లొస్తుంది? (ఇది ఓనర్ని కాదు, వాచ్‌మన్‌ని అడగాలి. 2024 వేసవిలో హైదరాబాదులో ట్యాంకర్ల కోసం పడిన పాట్లు చూసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు.) ఇల్లు మూడుసార్లు చూడాలి: పనిరోజు పొద్దున ఆఫీసు వేళకి, పనిరోజు రాత్రి ఏడింటికి, వీలైతే ఒక వాన పడ్డాక. నాన్న నాలుగు పొద్దులు తిరిగేవారు, మనం మూడైనా తిరగలేమా? అన్నట్టు ఇంకోటి. అద్దె ఏడాదికి లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ కోసం ఓనరు పాన్ కావాలి, అది ఇస్తారా లేదా ముందే అడగండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు కాబట్టి ఆ తలనొప్పి లేదు.

ఇదంతా విని మా కుర్రాడు, "అన్నా, మరి నాకు ఏ ఏరియా?" అన్నాడు.

"నీ ఇంట్లో పగలంతా ఎవరుంటార్రా?"

"ఎవరూ ఉండరన్నా. నేనూ రాత్రికే వెళ్తాను, పడుకోడానికి."

"అయితే నీకు ఇల్లక్కర్లేదు, మంచం చాలు. మెట్రోకి నడిచే దూరంలో హాస్టలు చూసుకో, ఆ మిగిలే డబ్బు దాచుకో. ఇంట్లో మనిషొచ్చిన రోజు నా దగ్గరికి రా, షీటు ఇస్తా" అన్నాను. వాడు కాస్త నిరాశపడినట్టే ఉన్నాడు. బాల్కనీ ఉన్న ఫ్లాటు ఊహించుకుని ఉంటాడు, నాలాగే.

వచ్చే నెలతో మా అగ్రిమెంటు అయిపోతుంది. ఓనరు గారు వెయ్యి పెంచుతానన్నారు. రాత్రి భోజనాల దగ్గర అమ్మకి చెప్పి, పంతొమ్మిది వేలైతే మళ్ళీ లెక్క ఎలా తేలుతుందో చూద్దామని లాప్‌టాప్ తెరవబోయాను. "అదెందుకురా ఇప్పుడు, మూసెయ్యి. ఐదొందలకి ఒప్పిద్దారి. ఆల్లావిడతో నాను మాటాడతాన్లే" అంది.